ఫెయిరింగ్ విప్పాకే బేరం: బెజవాడ, గుంటూరుల్లో మూడు సెకండ్ హ్యాండ్ ఆర్15లు కొన్న అనుభవం

మేం ముగ్గురం. ఒకరు ఆర్‌ఎక్స్ 100 నడిపినవారు, ఒకరు పల్సర్ 180, నేను స్ప్లెండర్. ఏడాది వ్యవధిలో ముగ్గురమూ సెకండ్ హ్యాండ్ యమహా ఆర్15 వి3 తీసుకున్నాం. రెండు విజయవాడలో, ఒకటి గుంటూరులో. వీటి కోసం చూసి వదిలేసిన బళ్ళు ఇంకా చాలా ఉన్నాయి. ఇంత తిరిగాక మాకు గట్టిగా తెలిసొచ్చిన విషయం ఒకటుంది. స్ప్లెండర్ని ఎదురుగా నిలబెడితే ఇంజను, గొట్టాలు, ఫ్రేము అన్నీ కంటికి కనిపిస్తాయి. చిన్న స్పోర్ట్స్ బైకులో కొనేవాడు చూడాల్సిందంతా ఫెయిరింగ్ అనే ప్లాస్టిక్ తొడుగు వెనకాల ఉంటుంది. పైన రంగు ఎంత మెరిసినా లోపలి సంగతి చెప్పదు. అందుకే ఫెయిరింగ్ విప్పనివ్వని వాళ్ళ బండికి మేం ధర కూడా అడగలేదు.

ముందు ఏ బండి అన్నది తేల్చుకోవాలి. ఆర్15 మొదటిది 2008లో వచ్చింది. 149.8 సీసీ, లిక్విడ్ కూలింగ్, నాలుగు వాల్వులు, 6 గేర్లు, 17 పీఎస్. 2011లో వి2 వచ్చింది, విడి సీట్లతో, లావు వెనక టైరుతో. 2018లో వి3: 155 సీసీ, 7400 ఆర్పీఎం దగ్గర వాల్వులు తెరుచుకునే తీరు మార్చే వీవీఏ, గేరు గబుక్కున దించినా వెనక చక్రం పట్టేయకుండా చూసే స్లిప్పర్ క్లచ్. 2019 జనవరిలో దానికే రెండు చక్రాలకూ ఏబీఎస్ ఇచ్చారు. 2021లో వి4 తలకిందుల ఫోర్కులతో (ముందు చక్రాన్ని పట్టి ఉండే సస్పెన్షన్ గొట్టాలు) వచ్చింది. మేం ఏబీఎస్ ఉన్న వి3 మీద నిలబడ్డాం. వి1, వి2 తక్కువకే దొరుకుతాయి కానీ వాటి వయసుకి రబ్బరు గొట్టాలు, సీళ్ళు, వైరింగ్ అన్నీ ఒకేసారి అడుగుతాయి.

వేరేవి చూడలేదని కాదు. కేటీఎం ఆర్‌సీ 200లో 25 పీఎస్ ఉంది, ఘాట్ మీద దాని లాగుడు వేరే లెక్క. కానీ మే నెలలో బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర దాని వేడి మోకాళ్ళకు తగులుతుంటే రోజూ ఆఫీసుకి వెళ్ళేవాళ్ళకు కష్టం. సుజుకీ జిక్సర్ ఎస్‌ఎఫ్ 155కి గాలి కూలింగే కాబట్టి రేడియేటరు బాధే లేదు, నిర్వహణ చాలా తేలిక. సర్వీసు పని తక్కువ ఉండాలనుకునేవారికి నేను ఇప్పటికీ అదే చెబుతాను. బజాజ్ ఆర్‌ఎస్ 200 బరువు ఎక్కువ, హైవేకి బాగుంటుంది. హోండా సీబీఆర్ 250ఆర్ మంచి ఇంజను, కానీ ఇక్కడ తయారీ ఆగిపోయింది, ఫెయిరింగ్ ముక్కల కోసం వెతుక్కోవాలి. ఆర్15కి ఈ రెండు ఊళ్ళలోనూ స్పేర్లు కౌంటరు మీదే దొరుకుతాయి, చెయ్యి తిరిగిన మెకానిక్కులు ఉన్నారు. మా నిర్ణయానికి సగం కారణం అదే.

చూడటానికి వెళ్ళేముందు ఫోనులోనే ఒక మాట అడగాలి: "అన్నా, మేం వచ్చేదాకా బండి స్టార్ట్ చేయకండి." చల్లని ఇంజను చెప్పే నిజాలు వేడెక్కిన ఇంజను చెప్పదు. వెళ్ళగానే సైలెన్సరు బెండు మీద అరచెయ్యి పెట్టి చూస్తాం. వెచ్చగా ఉంటే టీ తాగి గంటాగి వస్తామని చెప్పి వెళ్ళిపోతాం. చేతిలో ఉండాల్సినవి: 4, 5 మి.మీ. అలెన్ కీలు, 10 మి.మీ. స్పానర్, స్టార్ స్క్రూడ్రైవరు, టార్చి, పాత గుడ్డ, ఒక అట్ట ముక్క. అట్ట ఎందుకో తర్వాత చెబుతాను.

విప్పకముందే కొన్ని చూడొచ్చు. ఛాసిస్ నంబరు స్టీరింగ్ మెడ దగ్గర, ఇంజను నంబరు క్రాంక్ కేసు మీద ఉంటాయి. రెండూ ఆర్సీతో అక్షరం అక్షరం సరిపోవాలి. అంకెల చుట్టూ గీకినట్టు, కొత్తగా రంగు కొట్టినట్టు ఉంటే అక్కడితో ఆపేయాలి. తర్వాత బండి నాలుగు కొసలు: హ్యాండిల్ చివరి బరువులు, బ్రేక్ క్లచ్ లివర్ల గుండ్రటి మొనలు, ఫుట్‌పెగ్గుల అంచులు, సైలెన్సరు చివర. బండి పడితే ముందు నేలకి తగిలేవి ఇవే. ఒకవైపు లివరు కొత్తది, రెండోవైపుది పాతది అయితే ఆ కొత్త వైపు పడింది. పడటం తప్పు కాదు, నిలబెట్టిన బండి కూడా స్టాండు జారి పడుతుంది. ఎంత వేగంలో పడిందన్నదే తేల్చుకోవాలి. దానికే ఫెయిరింగ్ విప్పాలి.

వి3 పక్క ప్యానెళ్ళు అలెన్ బోల్టులతో, కొన్ని చోట్ల ప్లాస్టిక్ పిన్నులతో పట్టి ఉంటాయి. పిన్ను మధ్యలోని బొడ్డును లోపలికి నొక్కితే వదులవుతుంది, స్క్రూడ్రైవరుతో పెకిలిస్తే విరుగుతుంది. బోల్టులన్నీ తీశాక ప్యానెల్‌ని లాగకూడదు, లోపల రబ్బరు బుష్షుల్లో దిగిన ముక్కులు ఉంటాయి. ఆ ముక్కు ఉన్నచోట అరచేత్తో నెమ్మదిగా బయటికి తేవాలి. ఇండికేటరు వైరు ఊడదీయడం మరిచిపోతే కనెక్టరు పీక్కొస్తుంది. ఇక అట్ట ముక్క: దానిమీద ప్యానెల్ ఆకారం గీసి, ఏ బోల్టు ఎక్కడినుంచి వచ్చిందో అక్కడే గుచ్చాలి. బోల్టుల పొడవులు ఒకేలా ఉండవు. పొట్టి బోల్టు చోట పొడుగుది పెడితే అది లోపలి గొట్టాన్నో వైరునో నొక్కుతుంది, లేదా నట్టు మర చెడుతుంది. మేం చూసిన బళ్ళలో చాలావాటికి ఇలా తప్పుచోట పెట్టిన బోల్టులు దొరికాయి. బండి ఎన్నోసార్లు విప్పారనడానికి అదే గుర్తు.

ప్యానెళ్ళు పక్కన పెట్టాక వాటి వెనక వైపు చూడండి. విరిగిన ముక్కులకు ఎం-సీల్ పూసి ఉంటుంది, పగులు మీద ఫైబర్ అతికించి ఉంటుంది. పైనుంచి స్టిక్కరు ఆ పగులుని దాచేస్తుంది, వెనక నుంచి మాత్రం చెయ్యి పెడితేనే తెలుస్తుంది. తర్వాత స్టీరింగ్ ఆపే స్టాపరు. ఫ్రేము మెడ కింద ఒక చిన్న ఇనుప బొడిపె ఉంటుంది, హ్యాండిల్ పూర్తిగా తిప్పినప్పుడు కింది బ్రాకెట్ వచ్చి దానికి ఆనుతుంది. ముందు నుంచి గట్టిగా గుద్దుకున్న బండిలో ఆ బొడిపె చదునుగా నలిగి, రంగు పోయి, పక్కకు ఒరిగి కనిపిస్తుంది. ఫోర్కులు కొత్తవి వేయొచ్చు, ప్యానెళ్ళు కొత్తవి వేయొచ్చు. ఫ్రేములో భాగమైన ఆ బొడిపెని మార్చడం ఎవరూ చేయరు. గుంటూరులో ఒక బండి ఇలాగే దొరికిపోయింది. అమ్మే ఆయన "ఎప్పుడూ పడలేదు సార్" అన్నారు. రంగు, టైర్లు, రీడింగు అన్నీ బాగున్నాయి. ఎడమ స్టాపరు మీద వేలి గోరు పట్టేంత గుంట ఉంది. రేడియేటరు కింది అంచు వెనక్కి వంగి ఉంది. యమహా డెల్టాబాక్స్ అని పిలిచే ఆ ఫ్రేము మెడ దగ్గర వెల్డింగు అంచున రంగు సన్నగా చిట్లి ఉంది. మూడూ కలిపి చూస్తే ఇంక మాట్లాడే పని లేదు.

ఫోర్కుల్ని చూడటానికి బండి ముందు కూర్చుని ఒక కన్ను మూసి, రెండు గొట్టాలూ ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయా అని చూడాలి. వి3కి 41 మి.మీ. ఫోర్కు. ముందు బ్రేకు పట్టుకుని మూడుసార్లు గట్టిగా నొక్కితే జారుగా దిగి జారుగా లేవాలి. మధ్యలో పట్టేస్తే గొట్టం వంగినట్టు. సీలు దగ్గర నూనె వలయం కనిపిస్తే అది ఫెయిలయినట్టే. సీలు మార్చుకోవచ్చు, బేరంలో ఆ ఖర్చు తీసేయొచ్చు. గొట్టం మీద గీత ఉంటే మాత్రం కొత్త సీలు కూడా నెలలోనే కారుతుంది.

ఇక్కడి బళ్ళకి ఇంకో పరీక్ష ఉంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ చుట్టుపక్కల కాలనీలన్నీ మునిగాయి. వేలాది బళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. వాటిలో చాలావాటిని కడిగి, నూనెలు మార్చి, మళ్ళీ రోడ్డెక్కించారు. అందులో తప్పేమీ లేదు, ఆ ఇళ్ళవాళ్ళకు అదే ఆధారం. కొనేవాడికి మాత్రం చెప్పి అమ్మాలి. చెప్పకపోతే మనమే వెతకాలి. వాటర్ సర్వీసులో పైకి కనిపించే బురద పోతుంది, కొన్ని చోట్లది పోదు. హెడ్‌లైట్ వెనక ప్లాస్టిక్ గూడులో, రేడియేటరు రెక్కల వెనక వైపు, సీటు కింద బ్యాటరీ గూడు మూలల్లో, వైరింగ్ మీద చుట్టిన టేపు మడతల్లో సన్నటి ఒండ్రు ఎండి పౌడరులా ఉంటుంది. వేలితో రాస్తే మెత్తగా అంటుకుంటుంది. రోడ్డు దుమ్ము గరగరలాడుతుంది, ఒండ్రు అలా ఉండదు. ఈ తేడా ఒకసారి చేతికి తెలిస్తే ఇక మరిచిపోరు. కనెక్టరు ఒకటి ఊడదీసి లోపలి పిన్నులు చూడాలి. పచ్చగా చిలుం పట్టి ఉంటే నీళ్ళు లోపలికి వెళ్ళాయి. ఈ ఇంజను ఫ్యూయల్ ఇంజెక్షన్ మీద నడుస్తుంది, సెన్సార్లు ఎక్కువ. చిలుం పట్టిన పిన్ను ఇవాళ పనిచేస్తుంది, వానాకాలంలో ఒక పూట మొరాయిస్తుంది, మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళేసరికి మళ్ళీ బాగుంటుంది. అలాంటి లోపం పట్టుకోవడం కంటే ఇంజను విప్పడం తేలిక.

మునిగిన బండిలో మరో చోటు వెనక మోనోషాకు (ఒకే షాక్ అబ్జార్బరు) లింకేజి. వెనక చక్రాన్ని పట్టి ఉండే స్వింగార్మ్ కింద ఉండే ఆ చిన్న లింకుల బేరింగుల్లో గ్రీజు పోయి తుప్పు పడుతుంది. వెనక చక్రం గాలిలోకి లేపి పైకీ కిందికీ ఆడిస్తే టిక్కుమని శబ్దం వస్తుంది. పెట్రోలు ట్యాంకు మూత తీసి టార్చి వేసి అడుగు చూడాలి. ఎర్రటి పొడి కనిపిస్తే ఫ్యూయల్ పంపు ఫిల్టరు కూడా లెక్కలో వేసుకోవాలి.

ఇంజను విషయానికొస్తే, చల్లగా ఉన్నప్పుడే రేడియేటరు మూత తీసి చూస్తాం. వేడి మీద తీయకండి, ఒత్తిడితో మరిగే నీళ్ళు ముఖం మీదికి చిమ్ముతాయి. కూలెంట్ (ఇంజనుని చల్లబరిచే ద్రవం) రంగు తేటగా ఉండాలి. ఇటుక రంగు, తుప్పు ముక్కలు ఉంటే కుళాయి నీళ్ళో బోరు నీళ్ళో పోశారు. మన బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ, అది రేడియేటరు గొట్టాల్లో గారగా కడుతుంది. వాటర్ పంపు సీలు కూడా దాంతోనే అరుగుతుంది. పంపు కింద ఒక చిన్న రంధ్రం ఉంటుంది, దాన్ని ఊరకే పెట్టలేదు. లోపలి సీలు పోతే కూలెంట్ అక్కడినుంచి బొట్టుగా కారి మనకు ముందే చెబుతుంది. ఎండిన తెల్లటి చార లేదా రంగు చార ఉంటే సీలు పని అయిపోయింది. కొందరు ఆ రంధ్రాన్నే సీలెంటుతో మూసేస్తారు. అప్పుడు కూలెంట్ బయటికి రాలేక నూనెలో కలుస్తుంది, నూనె మూత తీస్తే పాలు కలిపిన టీ రంగులో నురగ కనిపిస్తుంది. మేం వదిలేసిన వాటిలో ఒకటి ఇదే. రంధ్రంలో బూడిద రంగు పేస్టు, మూత కింద నురగ. మామూలుగా చిన్న సీలు మార్పుతో పోయేది, రంధ్రం మూసినందుకు బేరింగుల దాకా వెళ్ళింది.

స్టార్ట్ చేశాక మొదటి పది క్షణాలు చెవి ఇంజను తల మీదే ఉండాలి. కేమ్ చైను గలగల రెండు మూడు క్షణాల్లో ఆగిపోతే సరే, ఆగకపోతే టెన్షనరు చూపించాలి. టప్పెట్ల (వాల్వుల దగ్గరి) చిన్న టిక్‌టిక్ ఈ ఇంజనుకి మామూలే. నీలం పొగ వస్తే నూనె మండుతోంది. తెల్లటి ఆవిరి చలికాలం పొద్దున రెండు నిమిషాలుండి పోతుంది, వేడెక్కినా పోకపోతే కూలెంట్ లోపలికి వెళుతోంది. ఐడిల్, అంటే యాక్సిలరేటరు ఇవ్వనప్పటి ఆర్పీఎం, దాదాపు 1400 దగ్గర నిలకడగా ఉండాలి. తర్వాత బండిని అలాగే నిలబెట్టి ఫ్యాను తిరిగేదాకా ఆగాలి. చాలామంది ఈ ఓపిక పట్టరు. ఫ్యాను దానంతట అది తిరగాలి, వేడి తగ్గాక దానంతట అదే ఆగాలి. స్టార్ట్ చేసిన క్షణం నుంచే తిరుగుతుంటే ఎవరో నేరుగా వైరు ఇచ్చారు. అంటే అంతకుముందు ఒకసారి ఇంజను బాగా వేడెక్కి ఉంటుంది.

నడిపి చూడటానికి సర్వీసు రోడ్డు ఖాళీగా ఉండే వేళ మంచిది. గేర్లు వరసగా పడాలి, 5కీ 6కీ మధ్య జారి న్యూట్రల్‌లా ఉండిపోకూడదు. 7400 దాటగానే మీటరులో వీవీఏ గుర్తు వెలుగుతుంది, శబ్దం కాస్త గట్టిపడుతుంది. ఆ మార్పు రాకపోతే బండి పరుగు సగం లేనట్టే. ముందు బ్రేకు నెమ్మదిగా పట్టినప్పుడు హ్యాండిల్ వణికితే డిస్కు వంగింది. వి3 ముందు డిస్కు 282 మి.మీ., కనీస మందం దాని మీదే చెక్కి ఉంటుంది, అంచు మీద మెట్టు గోరుకి తగులుతుంటే కొలిచి చూడాలి. వెనక చైనుని పెద్ద స్ప్రాకెట్ వెనక అంచున వేళ్ళతో లాగాలి, పల్లు సగం బయటికి కనిపిస్తే చైను సెట్టు మార్చాలి. టైరు మీద నాలుగంకెల తేదీ ఉంటుంది: 2319 అంటే 2019లో 23వ వారం. వెనక 140కి బదులు 150 వేసిన బళ్ళు బోలెడు కనిపిస్తాయి. మోజు బాగానే ఉంటుంది, కానీ అదే రిమ్ము మీద లావు టైరు నలిగి మధ్యలో ఉబ్బుతుంది, మలుపులో బండి ఒరగడానికి బద్ధకిస్తుంది. ఈ బండి అందమే ఆ ఒరుగుడులో ఉంది. కొన్న వెంటనే మేం కంపెనీ సైజుకి మార్చేశాం, ముందు 100/80-17, వెనక 140/70-17.

కాగితాలు త్వరగా చెప్తాను. ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో నంబరు కొడితే ఫైనాన్స్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ గడువులు తెలుస్తాయి. చలాన్లు వేరుగా చూసుకోవాలి, అన్నీ అమ్మేవారే కట్టాలి. ఫైనాన్స్ ఉంటే దాన్ని ఆర్సీలోంచి తీయించడానికి బ్యాంకు ఎన్వోసీతో ఫారం 35, యాజమాన్యం మార్పుకి ఫారం 29, 30. ఫారం 29 రెండు కాపీలు. రాష్ట్రంలోపల అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో తెలియజేయాలి. పాత బళ్ళకు విజయవాడవి ఏపీ 16, గుంటూరువి ఏపీ 07 ఉంటాయి, 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ 39 మొదలైంది కాబట్టి ఆ నంబరు చూసి ఊరు చెప్పలేం. హైదరాబాదు బండి చవగ్గా వస్తోందని తొందరపడకండి. అక్కడి ఎన్వోసీ, ఇక్కడ మళ్ళీ రిజిస్ట్రేషన్, లైఫ్ ట్యాక్స్ కలిపితే ఆ చవకదనం మిగలదు. ఇన్సూరెన్స్ కూడా 14 రోజుల్లో మన పేరు మీదికి రాయించుకోవాలి. ఆర్సీ ఒకరి పేరు మీద, పాలసీ ఇంకొకరి పేరు మీద ఉంటే మన బండి డ్యామేజీ క్లెయిము నిలబడదు.

బండి ఇంటికి వచ్చాక రంగు, స్టిక్కర్ల జోలికి పోకుండా ద్రవాలతో మొదలుపెట్టాం. కూలెంట్ పూర్తిగా వంచి, డిస్టిల్డ్ వాటరు పోసి, ఇంజను ఫ్యాను తిరిగేదాకా నడిపి, చల్లారాక మళ్ళీ వంచాలి. నీళ్ళు తేటగా వచ్చేదాకా ఇలా చేయాలి, మా వాటిలో ఒకదానికి నాలుగుసార్లు పట్టింది. తర్వాత కలిపి అమ్మే రెడీమిక్స్ కూలెంట్ సన్న ధారగా పోయాలి. మూత తీసే ఉంచి ఇంజను నడిపితే బుడగలు వస్తాయి, అవి ఆగేదాకా పోస్తూ ఉండాలి. లోపల గాలి మిగిలితే రేడియేటరు చల్లగా ఉండగానే ఇంజను తల వేడెక్కి మీటరులో హెచ్చరిక వెలుగుతుంది. చాలామంది అప్పుడు థర్మోస్టాట్ మారుస్తారు, లోపం మాత్రం ఆ గాలిదే.

నూనె 10డబ్ల్యూ-40, డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. కారు నూనె పోయకండి. ఈ బండిలో క్లచ్ ప్లేట్లు అదే నూనెలో మునిగి ఉంటాయి, కారు నూనెలోని జారుడు గుణానికి అవి పట్టు వదులుతాయి. ఆర్పీఎం లేస్తుంది, వేగం లేవదు. 1 లీటరు సీసా మొత్తం వంపకుండా, పోస్తూ పైగుర్తు కిందిగుర్తు మధ్యకి తేవాలి. ఎక్కువైతే అది ఎయిర్ ఫిల్టరు పెట్టెలోకి తన్నుకొస్తుంది. ఎయిర్ ఫిల్టరు నూనె పట్టించిన కాగితపు రకమైతే గాలి కొట్టి శుభ్రం చేయడం కుదరదు, కొత్తది వేయాల్సిందే. బ్రేకు నూనె, మూత మీద ఏది రాసి ఉంటే అదే, రెండేళ్ళకోసారి. ముదిరిన బెల్లం రంగులోకి మారితే గడువు అయిపోయినట్టే.

చైను, ముందు వెనక స్ప్రాకెట్లు మూడూ ఒకేసారి మార్చాలి. పాత స్ప్రాకెట్ మీద కొత్త చైను వేస్తే కొత్తదాన్ని కూడా అది పాతది చేసేస్తుంది. వదులు 25 నుంచి 35 మి.మీ. మధ్య ఉంచుతాం. చక్రం తిప్పుతూ చైను ఎక్కడ బిగువుగా ఉందో ఆ చోటే కొలవాలి. వదులుగా ఉన్నచోట కొలిచి బిగిస్తే, బిగువు చోటు వచ్చినప్పుడు స్ప్రాకెట్ బేరింగు మీద లాగుతుంది. యాక్సిల్ నట్టు బిగించాక మళ్ళీ కొలవండి, బిగింపులో అది మారుతుంది.

కోన్ సెట్టు (హ్యాండిల్ తిరిగే మెడలోని గిన్నెలు, గోళీలు) గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే మూడు బళ్ళకీ ఇదే రోగం. ముందు చక్రం గాలిలో ఉండగా రెండు వేళ్ళతో హ్యాండిల్ని కుడి నుంచి ఎడమకి నెమ్మదిగా తిప్పితే, సరిగ్గా మధ్యకి వచ్చేసరికి టక్కున ఒక చిన్న గుంటలో పడినట్టు ఆగుతుంది. గోతుల్లో దెబ్బలు తిని తిని గోళీలు గిన్నె మీద గుంటలు చేస్తాయి. బండి నేరుగా వెళ్ళేటప్పుడు గోళీలు ఎప్పుడూ అక్కడే కూర్చుంటాయి కాబట్టి గుంట మధ్యలోనే పడుతుంది. అలాంటి బండి 30, 40 వేగంలో చిన్నగా అటూ ఇటూ పోతుంటుంది, నడిపేవాళ్ళు టైరు అనుకుంటారు. బిగిస్తే పోదు, ఇంకా ముదురుతుంది. కొత్త సెట్టు వేసేటప్పుడు పాత గిన్నెలు ఫ్రేములోంచి అంచు వంకర పోకుండా దిగాలి, కొత్తవి చదునుగా అడుగు దాకా దిగాలి. రింగు నట్టుని మొదట గట్టిగా బిగించి గోళీలు కూర్చున్నాక పూర్తిగా వదులు చేసి, మళ్ళీ తేలికగా బిగించాలి. సరైన బిగువులో హ్యాండిల్ని మధ్యనుంచి కాస్త నెడితే చాలు, దాని బరువుకి అదే ఒకపక్కకి వాలిపోతుంది. వేసిన రెండు వారాలకి ఇంకోసారి చూడాలి, కొత్త గిన్నెలు కాస్త దిగుతాయి.

ఫెయిరింగ్ తిరిగి పెట్టేటప్పుడు కూలెంట్ రిజర్వాయరు గొట్టం నలగకుండా చూసుకోండి. బోల్టులన్నీ ముందు రెండేసి మరలు పట్టించి, ప్యానెల్ సరిగ్గా కూర్చున్నాక బిగించాలి. ఒకవైపు బిగించుకుంటూ వస్తే చివరి రంధ్రం కలవదు, అప్పుడు బలం పెడితే ముక్కు విరుగుతుంది. 6000 దగ్గర జుయ్యిమని శబ్దం వస్తే ఏదో బుష్షు జారింది.

ఇక నడపడం. ఎక్కడినుంచి వచ్చామో ఆ అలవాటు మనతోనే వస్తుంది. స్ప్లెండరు మీద 40కల్లా టాప్ గేరు వేసే చెయ్యి నాది. ఆర్15 అలా నడిపితే 3000 దగ్గర చైను తన్నుకుంటుంది, బండిలో బలమే లేదనిపిస్తుంది. ఊళ్ళో 4500 తగ్గకుండా, ఓవర్‌టేక్ చేయాలంటే రెండు గేర్లు దించి నడపాలి. దాని 19 పీఎస్ ఉన్నది 10000 దగ్గర. ఆర్‌ఎక్స్ 100 నుంచి వచ్చినవారికి ఆర్పీఎం భయం లేదు, వాళ్ళకి ఇబ్బంది వాలు దిగేటప్పుడు. టూ స్ట్రోకుకి ఇంజను బ్రేకింగ్ (యాక్సిలరేటరు వదిలితే ఇంజనే వేగం తగ్గించడం) దాదాపు ఉండదు కాబట్టి క్లచ్ పట్టుకుని బ్రేకుల మీదే దిగే అలవాటు. డ్రమ్ము బ్రేకుని నాలుగు వేళ్ళతో పిండిన చెయ్యి డిస్కునీ అలాగే పిండుతుంది. రెండు వేళ్ళు చాలు, పట్టడం మెల్లగా మొదలై పెరగాలి. పల్సర్ నుంచి వచ్చినవారు నిటారుగా కూర్చున్న భంగిమలోనే చేతులు చాపి బిగబడతారు, వారంలో మణికట్లు నొప్పి. ట్యాంకుని తొడలతో పట్టుకుంటే ఆ బరువు చేతుల మీద పడదు. లివర్లను కాస్త కిందికి తిప్పి ముంజేతికి వరసలో పెట్టుకోవాలి, అది రెండు బోల్టుల పని, ఎవరూ చేయరు. క్లిప్ ఆన్ హ్యాండిల్ (ఫోర్కు గొట్టాలకే విడివిడిగా బిగించేది) తక్కువ తిరుగుతుంది, గవర్నర్‌పేట సందుల్లో ఒక్కసారిలో యూ టర్న్ రాదు. కనకదుర్గ వారధి మీద పక్కగాలికి ఫెయిరింగ్ తెరచాపలా పనిచేస్తుంది. హ్యాండిల్ బిగించి పట్టుకుంటే ఇంకా ఊగుతుంది, వదులుగా పట్టుకోండి.

బాగుచేసుకున్న బండిని మేం కొండవీడుకే తీసుకెళ్ళాం. గుంటూరు నుంచి నర్సరావుపేట దారిలో ఫిరంగిపురం దాకా వెళ్ళి ఎడమకి తిరిగితే ఘాట్ రోడ్డు. టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడే ముందు 29, వెనక 33 పీఎస్‌ఐ. హెయిర్‌పిన్‌లు రెండో గేరులో, మలుపులోకి వెళ్ళకముందే గేరు దించి, మలుపు మధ్యలో యాక్సిలరేటరు మూయకుండా. దిగేటప్పుడు కూడా ఎక్కిన గేరే. పొలాల మధ్య దారిలో నవంబరు, డిసెంబరుల్లో రోడ్డు మీద వరిగడ్డి పరిచి ఉంటుంది, ఫిబ్రవరి నుంచి మిరప లోడ్లు. గడ్డి మీద బ్రేకు వేయకండి, వంగకండి, నిటారుగా అదే వేగంతో దాటండి. దాటాక ఆగి ఒకసారి వంగి చూడాలి. ముందు స్ప్రాకెట్ మూత లోపల గడ్డి పోచలు తాడులా చుట్టుకుంటాయి, సైలెన్సరు బెండుకి తగిలిన గడ్డి మాడి అంటుకునే ప్రమాదం కూడా ఉంది.

ఇంటికొచ్చాక చైను వెచ్చగా ఉండగానే లూబ్రికెంటు కొట్టాలి, చల్లారితే లోపలికి దిగదు. అప్పుడే టార్చి వేసి వాటర్ పంపు కింది రంధ్రం చూస్తాం. మూడు బళ్ళకీ పొడిగానే ఉంది.